రాజమణి ఒక్కపొద్దులు

చంద్రయ్య వంటగది గడప దగ్గర నిలబడి రెండు కాగితాలు చూపించినప్పుడు రాజమణి చేతులు రెండూ చింతపండు పులుసులో ఉన్నాయి. ఆడపిల్లల హాస్టల్ గేటు దగ్గర పన్నెండేళ్లుగా వాచ్‌మన్‌గా కూర్చుంటున్నాడు చంద్రయ్య. ఏ కాగితం మంచిదో, ఏ కాగితం మనిషిని కూలేసేదో కవరు చూసే చెప్పగలడు. అందుకే చేతికివ్వకుండా వెనక్కి పట్టుకుని, "ముందుగాల చేతులు కడుక్కో అక్కా. నిమ్మలంగ చూద్దువు" అన్నాడు.

"నువ్వే సదువు తమ్మీ. నా అద్దాలు ఇంట్ల మరిచిన."

"రెండు నీకే వచ్చినయి. ఒకదాన్లనేమో నవనీత గార్డియన్ రావాలె అని రాసిండ్రు. ఇంకోదాన్లనేమో నవనీత రాసిన రాతతోని పరువు పోయిన వంటమనిషి రావాలె అని రాసిండ్రు. శుక్రవారం పదకొండు గంటలకు ప్రిన్సిపాల్ సారు రూములో విచారణ. రెండిట్ల గదే టైము."

పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న గంగవ్వ తలెత్తింది. "అయితే రెండు కుర్చీలు ఏస్తరు నీకు. గీ దాన్ల సగం, గా దాన్ల సగం కూసో" అంది.

రాజమణి పులుసు పిసుకుతూనే ఉంది. నూట ఎనభై మంది పిల్లలు పన్నెండున్నరకు కంచాలు పట్టుకుని వస్తారు. కాగితాలు వచ్చినా, రాకపోయినా.

రాజమణికి యాభై మూడేళ్లు. ఉండేది కోరుట్లలో. పెనిమిటి కొమురెల్లి ఒకప్పుడు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. మోకాళ్లు మొరాయించాక మోకు గోడకు తగిలించి, బస్టాండు దగ్గర ఆటో నడుపుతున్నాడు. ఆమె పద్నాలుగేళ్లుగా రోజూ తెల్లవారు బస్సుకు జగిత్యాల వచ్చి, ఊరవతల ఉన్న ఈ ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాల హాస్టల్లో వండుతోంది. ఆ బస్సు కండక్టరుకు ఆమె పీకే కాళ్ల సంగతి తెలుసు. ఎంత రద్దీ ఉన్నా, "ఆధార్ కార్డు తర్వాత చూపిద్దువు, ముందు గీడ కూసో పెద్దమ్మా" అని ఇంజను పక్క సీటు చూపిస్తాడు. ఏజెన్సీ కింద కొలువు ఆమెది. ఏటా వేసవిలో కొత్త జాబితా వస్తుంది. అందులో పేరుంటే కొలువు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

వంటగదిలోకి వచ్చాక ఆమె ముందు చేసే పని పొయ్యికి బొట్టు పెట్టి దండం పెట్టుకోవడం. అన్నం దించగానే మొదటి గరిటె వేములవాడ రాజన్న పటం ముందు పెడుతుంది. దేవుడికి పెట్టనిది నాలుక మీద వేయదు. ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసన చూసి చెబుతుంది, తప్పినట్టు ఎవరికీ గుర్తులేదు.

మరి సిరిసిల్ల పిల్ల నవనీతకు కోరుట్ల వంటమనిషి గార్డియన్ ఎట్లా అయిందంటే, అది ఒక సాయంత్రం జరిగిన పని. మూడేళ్ల కిందట అడ్మిషన్ల చివరి రోజు. రాజమణి కూరగాయల గంప ఎత్తుకుని ఆఫీసు ముందు నుంచి పోతోంది. కిటికీ దగ్గర ఒక సన్నటి పిల్ల ఫారం పట్టుకుని ఏడుస్తోంది. తండ్రి మస్కట్‌లో ఉన్నాడు. బీడీలు చేసుకునే తల్లి, అత్తను ఆసుపత్రిలో చేర్పించి కదలలేకపోయింది. పిల్ల ఒక్కతే బస్సెక్కి వచ్చింది. గుమాస్తా కూడా పాపం గడియారం చూస్తూ, "ఎవరన్న పెద్దమనిషి గార్డియన్ అని సంతకం పెడితే ఐపాయె బిడ్డా. నేనైతే పెట్టొద్దు గదా" అంటున్నాడు.

రాజమణి గంప దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టింది. ఊళ్లో బడికి ఏడో తరగతి దాకా పోయిన చెయ్యి, అక్షరాలు గుండ్రంగా వస్తాయి. "వరుస ఏమని రాయాలె?" అన్నాడు గుమాస్తా. ఆ పిల్ల ముఖం చూసింది రాజమణి. "పెద్దమ్మ అని రాయుండ్రి" అంది.

ఆ మాట హాస్టలంతా పాకింది. ఆ పక్క ఊళ్లల్లో సగం ఇళ్ల మొగవాళ్లు గల్ఫ్‌లోనే ఉంటారు. గొల్లపల్లి పిల్ల వచ్చింది, మెట్‌పల్లి పిల్ల వచ్చింది. ఏడాది తిరిగేసరికి రాజమణి ఇరవై మూడు మందికి పెద్దమ్మ. జ్వరమొస్తే మాత్ర తెచ్చేది, తల్లికి ఫోన్ చేసి పిల్ల మంచిగుందని చెప్పేది. వాళ్లూ ఊరకే ఉండేవాళ్లు కాదు. ఒకతె నొప్పుల మందు తెచ్చి కాళ్లకు రాసేది, ఇంకొకతె ఆమె కరెంటు బిల్లు ఫోన్లో కట్టేది.

పోయినేడు విశ్వవిద్యాలయం నుంచి ప్రవర్తనా నియమావళి అని మందపాటి పుస్తకం వచ్చింది. చివరి పేజీలో విద్యార్థి, గార్డియన్ ఇద్దరూ సంతకం చేయాలి. రాజమణి చపాతీ పీట మీద పెట్టుకుని ఒకే మధ్యాహ్నం ఇరవై మూడు సంతకాలు చేసింది. అందులో ఏముందో ఆమె అడగలేదు, పిల్లలూ చదవలేదు. చెప్పులు బయట విడువమని గుడి ముందు రాసి పెడతారే, అట్లాంటి మంచి మాటలే ఉంటాయనుకుంది.

దసరా పోయాక హాస్టల్‌కు బియ్యం పంపే వాళ్లు మారారు. మొదటి బస్తా విప్పగానే ముక్కిన వాసన గుప్పున కొట్టింది. రాజమణి నాలుగుసార్లు కడిగింది. ఎండలో ఆరబోసింది. ఎసట్లో బిర్యానీ ఆకు వేసింది, నిమ్మకాయ పిండింది. మెస్సు చూసుకునే భాస్కర్‌తో చెప్పింది.

"తమ్మీ, బియ్యం మంచిగ లేవు. అన్నం వాసనొస్తంది."

"గీ లోడ్ ఎట్లన్న ఎల్లదీయి అక్కా. మళ్ల లోడ్ మంచిగొస్తది."

మళ్లీ వచ్చిన లోడ్ కూడా అదే. రెండోసారి చెప్పింది. మూడోసారి చెప్పబోతే భాస్కర్ ఆమె ముఖం చూడకుండానే, "నేను మాత్రం ఏంజేస్త అక్కా, నాదీ నీ అసొంటి కొలువే గదా" అన్నాడు. అది అబద్ధం కాదు. ఆమె ఇక చెప్పలేదు.

ఎన్నో ఏళ్లుగా ఆమె సోమవారం ఒక్కపొద్దు ఉంటుంది. పగలంతా ఏమీ ముట్టదు. పొద్దుగూకి ఇంటికి పోయి, తానం చేసి, రాజన్నకు దీపం పెట్టి ఒక్క పూట తింటుంది. దసరా తర్వాత గురువారం కూడా మొదలుపెట్టింది. కార్తీకంలో శనివారం పట్టింది, వేంకటేశ్వరుడికని. చలికాలం నడిమధ్యకు వచ్చేసరికి బుధవారం కూడా చేరింది. బుధవారం ఏ దేవుడికో ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు, అయితే ఎవరూ అడగలేదు. మిగిలిన రోజులకు ఇంటి నుంచి జొన్నరొట్టె తెచ్చుకుని, బియ్యం బస్తాల గది వెనక గంగవ్వతో కలిసి తినేది. "రాజమణక్కకు భక్తి ముదిరింది" అని అందరూ మర్యాదగా చెప్పుకునేవాళ్లు.

మాఘంలో ఒక బుధవారం, నవనీత అన్నం కంచం ఫొటో తీసి ఫోన్లో స్టేటస్ పెట్టింది. కింద రెండే మాటలు రాసింది: ఈ అన్నం వండినవాళ్లే ముట్టరు. మేము మాత్రం తిని, చదివి, కాలేజీకి పేరు తేవాలి.

సాయంత్రానికి అది జిల్లా అంతా తిరిగింది. ఎవరో యూట్యూబ్ ఛానల్‌లో చదివారు. మరునాడు పొద్దున ప్రిన్సిపాల్‌కు పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. అప్పుడు అందరూ ఆ మందపాటి పుస్తకం తెరిచారు. అనుమతి లేకుండా సంస్థ పరువుకు భంగం కలిగించే రాత గాని, బొమ్మ గాని ఎక్కడా పెట్టరాదు. పెడితే ఒక సెమిస్టర్ సస్పెన్షన్, హాస్టల్ సీటు రద్దు. చివరి పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి. సస్పెన్షన్ పడితే నవనీతకు డిగ్రీ ఈ ఏడు లేనట్టే.

గొల్లపల్లి పిల్ల ఆ స్టేటస్ చూపిస్తే రాజమణి ఫోన్ దూరంగా పట్టుకుని కూడబలుక్కుని చదివింది. వండినవాళ్లే ముట్టరు. రెండోసారి చదివింది. పొయ్యి సెగకు పద్నాలుగేళ్లుగా మాడిన చేతుల వైపు చూసుకుంది. ఇరవై మూడు మందిలో మొదటి పిల్ల రాసింది ఈ మాట.

కాగితాలు వచ్చిన శనివారం మధ్యాహ్నమే నవనీత వంటగది వెనకకు వచ్చింది. గిన్నెలు తోముతున్న రాజమణి తలెత్తలేదు.

"నిన్ను అనలే పెద్దమ్మా" అంది పిల్ల.

"మరి వండేది ఎవలు బిడ్డా? నేనూ గంగవ్వే గదా."

"బియ్యం సంగతి అన్న. నీ వంట సంగతి అనలే."

"సదివిన నలుగురికి గది ఎట్ల తెలుస్తది?" రాజమణి గిన్నె బోర్లించింది. "నువ్వు ముందుగాల నన్ను అడగొద్దా? పెద్దమ్మా, ఎందుకు తింటలేవని ఒక్కమాట అడగొద్దా?"

నవనీత నేల చూసింది. "అడిగితే ఏమందువు పెద్దమ్మా?"

రాజమణి చెయ్యి ఆగింది. ఏమనేదో ఆమెకు తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. ఒక్కపొద్దు అనేది. నవనీత వంగి, తోమిన గిన్నెలు ఒక్కొక్కటే అందుకుని పలక మీద పేర్చి పోయింది.

ఆ సాయంత్రం భాస్కర్ బస్టాపు దాకా తోడొచ్చాడు. బండి నెట్టుకుంటూ మెల్లగా నడిచాడు.

"అక్కా, నీకు చెడు జరగొద్దనే చెప్తున్న. శుక్రవారం నాడు ఒక్క మాట చెప్పు. ఒక్కపొద్దు ఉన్న, అందుకే తినలే అను. నువ్వు సోమవారం ఉండేది అందరికీ తెల్సు. దేవుని మీద మాట, ఎవలు తీసేస్తరు?"

"మరి పిల్ల?"

"పిల్ల అబద్ధం రాసినట్టైతది. గంతే. జాబితా టైమొస్తంది గదక్కా. ఏజెన్సీ వాళ్లు గీ లొల్లి అంత చూస్తున్నరు." బస్సు రాగానే చెయ్యి ఎత్తి ఆపించి, ఆమె సంచీ అందించాడు. అతని ముఖం కూడా నిద్రలేని ముఖమే.

ఇంట్లో కొమురెల్లి విని, ఆటో తాళం గుంజకు తగిలిస్తూ, "నీకు పెట్టమన్న కాడ సంతకం పెట్టే అలవాటు. గిప్పుడూ పెట్టు. నాకైతే కొలువు వోయి నువ్వు ఇంట్ల కూసునుడు కంటి ముంగట కనవడ్తంది" అన్నాడు. కసిరినట్టే ఉంది గాని, వేడినీళ్లు తెచ్చి ఆమె కాళ్ల ముందు పెట్టాడు.

ఆదివారం సెలవు. రాజమణి వేములవాడ పోయింది. వరుసలో రెండు గంటలు నిలబడింది. ముందున్న ముసలామె ఎవరో, ముక్కూ ముఖం తెలియని మనిషి, ఈమె కాళ్లు మార్చి మార్చి నిలబడటం చూసి తన సంచీ కింద పరిచి, "జర కూసో చెల్లే, వరుస కదిల్తే లేద్దువు" అంది. రాజమణి కూర్చుంది. రాజన్నను ఏం అడగాలో రాత్రంతా అనుకుని వచ్చింది. పిల్ల చదువు నిలబెట్టమని ఒకటి, తన పేరు జాబితాలో ఉండాలని ఒకటి. కానీ కూర్చున్నాక రోజులు లెక్కకు వచ్చాయి. సోమవారం నీది స్వామీ. గురువారం ఎవరిది? శనివారం? ఆ బుధవారం ఎవరి కోసం ఉన్నాను? ఆకలైనా కాకపోయినా ఆ అన్నం తినలేక ఉన్నాను. తినను అని నోటితో చెప్పలేక ఉన్నాను. పిల్లలకు మాత్రం గరిటెతో పెట్టాను. దేవుడి పేరు ముందు పెట్టుకుంటే ఎవరూ అడగరని ఉన్నాను.

వరుస కదిలింది. లోపల అర నిమిషం కూడా నిలబడనివ్వలేదు. ఆమె ఏమీ అడగకుండానే బయటికి వచ్చింది.

శుక్రవారం పదకొండు గంటలకు ప్రిన్సిపాల్ గదిలో ముగ్గురు కూర్చున్నారు. ప్రిన్సిపాల్, లెక్కలు చెప్పే మేడం, విశ్వవిద్యాలయం నుంచి కారులో వచ్చిన ఒక అధికారి. తలుపు పక్కన భాస్కర్. బల్లకు ఇటువైపు నవనీత నిలబడి ఉంది, ముఖం పీక్కుపోయి.

మొదట చిక్కు కుర్చీ దగ్గరే వచ్చింది. గార్డియన్లు పిల్లవైపు కూర్చోవాలి, ఫిర్యాదుదారులు అటువైపు. గుమాస్తా రాజమణిని ఎటు చూపించాలో తెలియక అధికారి వైపు చూశాడు. అధికారి నియమావళి వైపు చూశాడు. మేడమే లేచి, "ముందు కూర్చోండమ్మా, ఎక్కడైతేమిటి" అంది. రాజమణి నవనీత పక్క కుర్చీలో కూర్చుంది. ఆమె అటో ఇటో ఆలోచించి కూర్చోలేదు. కాళ్లు పీకుతున్నాయి, అదే దగ్గరగా ఉంది.

"చూడమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్, కణతలు నొక్కుకుంటూ. "మాకు ఈ పిల్ల మీద కోపం లేదు. మీ మీద అంతకన్నా లేదు. పది రోజులుగా నాకు ఫోన్లు ఎత్తడమే సరిపోతున్నది. ఇది తొందరగా ముగిస్తే అందరికీ మంచిది. ఈ కాగితం చదివి సంతకం పెట్టండి."

కాగితం ముందే తయారై ఉంది. రాజమణి కొంగులో వెతుక్కుంది. ఈసారీ అద్దాలు తేలేదు. మేడం తన అద్దాలు తీసి, "ఇవి పెట్టుకుని చూడండి, సరిపోతాయేమో" అని బల్ల మీదుగా జరిపింది.

సరిపోయాయి. మూడు వాక్యాలు ఉన్నాయి. నేను రోజూ హాస్టల్ భోజనమే చేస్తాను. ఆ రోజు ఒక్కపొద్దు కావడం వల్ల తినలేదు. ఈ విద్యార్థిని రాసిన అబద్ధం వల్ల నా మనసుకు బాధ కలిగింది.

పక్కన పిల్ల ఊపిరి వినబడుతోంది. రాజమణి మూడుసార్లు చదివింది. తర్వాత అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మేడంకు ఇచ్చింది.

"నాకు బాధైన మాట నిజమే మేడం. మస్తు బాధైంది. మీదున్న రెండు మాటలు నిజం కాదు. పిల్ల రాసింది అబద్ధం కాదు."

భాస్కర్ తలుపు దగ్గర కదిలాడు. "అక్కా, ఆ రోజు నువ్వు ఒక్కపొద్దు గదా" అన్నాడు మెల్లగా.

"ఒక్కపొద్దే తమ్మీ. గని దేవునికి కాదు." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "సోమవారం దేవునికి ఉంట. మిగిలిన మూడు రోజులు బియ్యం చూసి ఉన్న. వాసనొచ్చే అన్నం నాకు దిగలే. దిగలే అని చెప్పే ధైర్యం లేక దేవుని పేరు పెట్టుకున్న. గా అన్నమే పిల్లలకు పెట్టిన. వండినామె ముట్టలే అని ఈ పిల్ల రాసింది. నేను ముట్టలే సారూ."

"ఇంతకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"చెప్పిన సారూ. రెండుసార్లు చెప్పిన. తమ్మి పైకి చెప్పిండో లేదో, అతని బాధ అతనిది. మూడోసారి నాకే యాష్టకొచ్చి ఊకున్న."

అధికారి పుస్తకం పేజీ తిప్పాడు. ఆయనా చెడ్డవాడు కాదు, భోజనం వేళకు ఇంకో ఊళ్లో ఇంకో విచారణ ఉన్నవాడు. "అమ్మా, మీరు నిజం చెప్పినందుకు సంతోషం. కానీ రాసింది నిజమా అబద్ధమా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అనుమతి తీసుకున్నదా, సంస్థ పరువు పోయిందా, ఇంతవరకే."

మేడం ఆ పేజీని తన వైపు తిప్పుకుని పైనుంచి కింద దాకా వేలు పెట్టి చదివింది. "నిజం రాస్తే ఏం చేయాలన్నది ఇందులో లేదండీ" అంది.

"లేదు మేడం."

"లెక్కలో ఒక అంకె లేకపోతే నేను పిల్లకు సున్నా వేయను సార్. ప్రశ్న తప్పని రాస్తాను."

రాజమణికి ఆ మాటలు సగమే అర్థమయ్యాయి. ఆమె నెమ్మదిగా అడిగింది. "పర్మిషన్ ఎవలను అడగాలె సారూ? నాకు తెలిస్తే పిల్లకు నేనే చెప్తుంటి. గార్డియన్‌ను గదా."

ప్రిన్సిపాల్ కిటికీ వైపు చూశాడు. "బయట కూర్చోండి" అన్నాడు.

బయట బల్ల మీద ఇద్దరూ అరగంట కూర్చున్నారు. నవనీత ఆమె భుజానికి తల ఆనించలేదు, చెయ్యి పట్టుకోలేదు. తన సీసాలో నీళ్లు మూత తీసి ఇచ్చింది. రాజమణి తాగింది.

నిర్ణయం గుమాస్తా చదివాడు. పిల్ల పరీక్షలు రాయవచ్చు. హాస్టల్‌లో ఉండవచ్చు. స్టేటస్ తీసేసినట్టు, ఇక ముందు కాలేజీ గురించి, హాస్టల్ గురించి అనుమతి లేకుండా ఎక్కడా ఏమీ పెట్టనని రాసివ్వాలి. దాని మీద సొంత తల్లిగాని తండ్రిగాని సంతకం చేయాలి. కొలువు చేసేవాళ్లు గార్డియన్లుగా ఉండటం ఇక చెల్లదు. ఇరవై మూడు ఫారాలు మళ్లీ రాయాలి.

చివరి మాట చదివేటప్పుడు గుమాస్తా రాజమణి వైపు చూడలేకపోయాడు.

సోమవారం నవనీత తల్లి జ్యోతి సిరిసిల్ల నుంచి వచ్చింది. పొద్దటి బస్సుకు బయలుదేరి, వేములవాడలో మారి, చేతులకు బీడీ ఆకు మరకలతోనే. కాగితం రెండుసార్లు చదువుకుని గుమాస్తాను అడిగింది. "సారూ, హాస్టల్‌ల ఏమన్న ఐతే పిల్ల నాకు ఫోన్ల చెప్పుకోవచ్చునా? గది కూడ చెప్పనని రాసిచ్చినట్టేనా?"

గుమాస్తా నవ్వబోయి ఆగాడు. "తల్లికి చెప్పుకోవచ్చమ్మా" అన్నాడు, తనకూ సరిగ్గా తెలియనట్టు.

తల్లి సంతకం పెట్టింది, పిల్ల పెట్టింది. తర్వాత జ్యోతి వంటగదికి వచ్చి, రాజమణి పక్కన కూర్చుని ఒక గంప చిక్కుడుకాయలు ఒలిచి పోయింది.

పది రోజులకు బియ్యం మారాయి. కొత్తవి మంచివే. పాతవి పద్దెనిమిది బస్తాలు మిగిలితే, సగానికి సగం కలిపి వండమన్నారు. రాజమణి ఆ సంగతి పిల్లలకు దాచలేదు. అడిగినవాళ్లకు చెప్పింది. అడగని వాళ్లకు ఆ రోజు నిమ్మకాయ ముక్క ఎక్కువ వేసింది. నవనీత పరీక్షలు రాసింది. ఆమె ఫోన్లో ఆ తర్వాత పువ్వులు, పండుగ శుభాకాంక్షలు తప్ప ఏమీ కనబడలేదు.

వేసవిలో జాబితా వచ్చింది. రాజమణి పేరుంది, కానీ సిరిసిల్లలో ఇంకో హాస్టల్ కింద. భాస్కరే చెప్పాడు. "పేరైతే తీయనియ్యలే అక్కా. నేను గంతవరకే చేసిన" అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని నొక్కింది. కొమురెల్లి వేళ్లు మడిచి రెండు బస్సులు, పోను మూడు గంటలు, రాను మూడు గంటలు అని లెక్క చెప్పాడు. "మోకాళ్లు ఆగుతయానే?" అన్నాడు. "ఆగినంత దూరం పోత" అంది.

కొత్త హాస్టల్లో మొదటి రోజు మెస్సు చూసేది జలపతి అనే నడివయసు మనిషి. జగిత్యాల సంగతి అంతా ముందే విని ఉన్నాడు. వంట అయ్యేసరికి పిల్లలు వరుస కట్టారు. రాజమణి మొదటి గరిటె పక్కకు తీసి దేవుడికి పెట్టి వచ్చింది. జలపతి ఒక కంచంలో అన్నం, పప్పు వడ్డించి పిల్లలందరి ముందూ బల్ల మీద పెట్టాడు.

"ముందు నువ్వు తిను అక్కా. నువ్వు తిన్నంకనే పిల్లలకు. మళ్ల మాకు స్టేటస్‌లు వద్దు."

ఎగతాళో మర్యాదో ఆమెకు తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం ఉన్నట్టే ఉంది.

"ఇయ్యాల సోమవారం తమ్మీ" అంది రాజమణి. "ఒక్కపొద్దు."

వరుసలో ముందున్న పిల్ల వెనక పిల్ల వైపు చూసింది. ఎవరో చిన్నగా నవ్వారు. జలపతి గరిటె కింద పెట్టి, "గిది కూడ ఒక్కపొద్దేనా" అన్నాడు. వరుసలో కంచాలు మెల్లగా కిందికి దిగాయి. ఎవరూ ముందుకు జరగలేదు.

రాజమణి ఆ పిల్లల ముఖాలు చూసింది. ఎవరి పేరూ తెలియదు. నలభై అయిదు మంది ఉంటారు, తెల్లవారు టిఫిను తిని వచ్చిన ఆకళ్లు. పెళ్లైన ఏటి నుంచి ఒక్క సోమవారం తప్పలేదు. నువ్వు చూస్తున్నవు గదా రాజన్నా, అనుకుంది. ఇంకేమీ అనుకోలేదు.

చేతులు కడుక్కుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. పప్పు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అన్నం బాగానే ఉంది, ఉప్పు కొంచెం తక్కువైంది. తొందర పడకుండా, పిల్లలకు కనబడేట్టు, కంచం ఖాళీ అయ్యేదాకా తింది.